మైనపు పళ్లెములపై మహాసింఫనీ

విద్యార్థులారా, సింఫనీ యనగా పెక్కు వాద్యములు కలిసి మ్రోయుటకై వ్రాయబడిన దీర్ఘరచన. ఆస్ట్రియా దేశీయుడగు గుస్తావ్ మాలర్ వ్రాసిన తొమ్మిదవ సింఫనీ గంటకు పైబడి సాగును. నాటి గ్రామఫోను రికార్డో నిమిషమునకు 78 మారులు తిరుగును. దాని యొక్కొక్క ప్రక్కపై నాలుగైదు నిమిషముల సంగీతమే పట్టును. కాలువ నీటిని చెంబులతో పట్టుట యెట్టిదో యిదియు నట్టిదే.

1925కు పూర్వము స్థితి యింకను కష్టము. మైక్రోఫోను వాడుకలో లేదు. వాద్యకారులు పెద్ద బూర యెదుట గుమిగూడి వాయింపగా, ఆ ధ్వని బలముచేతనే ముల్లు కదలి మైనముపై గీతలు గీయవలెను. మంద్రస్వరములు సరిగా నెక్కవు. అయినను 1924 ప్రాంతమున ఆస్కర్ ఫ్రీడ్ బెర్లినులో మాలరు రెండవ సింఫనీని పూర్తిగా నీ విధముననే పట్టించెను. ఆ సాహసము మెచ్చదగినదే. కాని యందు మనకు వినబడునది వాద్యబృందము నీడ మాత్రమే.

1938 జనవరి 16న వియన్నా ఫిల్‌హార్మోనిక్ బృందము సభికుల యెదుట తొమ్మిదవ సింఫనీని వాయించెను. నడపినవాడు బ్రూనో వాల్టర్. మాలరు 1911లో మరణింపగా, 1912లో ఆ రచనను మొదట లోకమునకు వినిపించినవాడును ఆయనయే. రికార్డుపని చూచినవాడు ఫ్రెడ్ గైస్‌బర్గ్. ఈయనయే 1902లో కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటలను పట్టెను. కచేరీని నడుమ నాపుటకు వీలులేదు గదా! అట్టిచోట ఒక పళ్లెము నిండవచ్చునప్పటికి రెండవ యంత్రమును నడపవలెను. ఇట్లు పది రికార్డులు, ఇరువది ప్రక్కలు తయారయ్యెను. సభికుల దగ్గులును వానిలోనే యున్నవి.

రెండు నెలలు నిండకమునుపే, మార్చి 12న, జర్మను సేనలు ఆస్ట్రియాలో ప్రవేశించెను. వాల్టర్ యూదుడు, అప్పుడు విదేశముననుండి మరల రాజాలకపోయెను. 1881 మొదలు ఆ బృందమున ప్రథమ వయొలిను వాయించిన ఆర్నోల్డ్ రోసే, మాలరు సోదరికి భర్త, పదవి కోల్పోయి లండనుకు పోయి 1946లో నచ్చటనే కన్నుమూసెను. ఆయన కుమార్తె ఆల్మా 1944లో ఆష్‌విట్జ్ శిబిరమున మరణించెను. ఆ మైనపు గీతలలో నిలిచినది, ఆ పిమ్మట మరి కలిసి కూర్చుండని బృందముయొక్క నాదము.

వాల్టర్ 1961లో అమెరికాలో నీ సింఫనీనే మరల రికార్డు చేయించెను. ధ్వని నిర్మలము, నడక నెమ్మది. కడపటి భాగమునకు 1938లో సుమారు 18 నిమిషములు పట్టగా, ఇందు సుమారు 21 పట్టినవి. పాతదానియందు తొందర కలదని కొందరందురు. మాకది తొందరగా తోపదు. ఊపిరి పట్టజాలని మనుష్యుడు మాటలాడినట్లుండును. మా తరగతిలో మొదట దానినే వినిపింతుము.