బోదకాలు – మాత్ర పారేయకండి

హైదరాబాదు మురికిని మోసుకొచ్చే మూసీ మన వాడపల్లి దగ్గరే కృష్ణలో కలుస్తుంది. అయితే దోమలకు మూసీని తిట్టి లాభం లేదు. బోదకాలును అంటించే క్యూలెక్స్ దోమ మన బాత్రూముల వెనుక నిలిచిన మురుగులోనే పుడుతుంది.

ఈ జబ్బు శాపం కాదు. దారంలాంటి పురుగులు మన లింఫు నాళాల్లో ఏళ్ల తరబడి కాపురం చేస్తాయి. వాటి పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి. అందుకే రక్తపరీక్ష వాళ్లు రాత్రి వస్తారు. పురుగు చిన్నప్పుడే చేరినా కాలు వాచేది పెద్దయ్యాకే. అప్పుడు మందులతో వాపు పూర్తిగా పోదు.

బోదకాలున్న జిల్లాల్లో 2004 నుంచి డి.ఇ.సి. మాత్రలు, తర్వాత వాటితోపాటు ఆల్బెండజోల్ కూడా మింగించారు. ఉమ్మడి నల్లగొండ అందులో ఒకటి. మా రోజుల్లో కొందరం మాత్రను నాలుక కింద దాచి కిటికీలోంచి ఊసేవాళ్లం. జ్వరం, తలతిరుగుడు వస్తాయని భయం! నిజానికి అవి రక్తంలోని పిల్లపురుగులు చస్తుంటే వచ్చేవి, ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతాయి. అన్నం తిన్నాకే మింగాలి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుపడ్డవారికి ఇవ్వరు.

ఇంటి దగ్గర కాలు వాచిన అవ్వ ఉంటే, రోజూ సబ్బుతో కడిగి వేళ్ల సందులు తడి లేకుండా తుడవండి. పుండ్లు, జ్వరాలు తగ్గుతాయి. బోదకాలు బాధితులకు 2018లో పింఛను మొదలైంది, ఆ సంగతీ చెప్పండి.