తుమ్ములకు మూలం పరుపులోనే

ప్రశ్న: పొద్దున్నే నిద్ర లేవగానే వరసగా తుమ్ములు రావడానికి డస్ట్ మైట్లే కారణమా?

జవాబు: చాలా ఇళ్లలో అవే కారణం. డస్ట్ మైట్లు ఎనిమిది కాళ్ల సూక్ష్మజీవులు, సాలీళ్లకు దూరపు చుట్టాలు. పొడవు 0.3 మిల్లీమీటర్లే కాబట్టి కంటికి ఆనవు. కుట్టవు, కరవవు. మనిషి ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు వాటి తిండి. నీళ్లు తాగవు, గాలిలోని తేమనే ఒంట్లోకి పీల్చుకుంటాయి. తేమ 50 శాతానికి తగ్గి అలాగే కొనసాగితే ఎండిపోయి చస్తాయి. అందుకే కోస్తా ఉక్కపోత, వానాకాలపు చెమ్మ వాటికి బాగా కలిసొస్తాయి.

నిజానికి అలర్జీ తెచ్చేది వాటి విసర్జనలోని ప్రొటీన్లు. పాత దూది దిండును దులిపితే కిటికీ ఎండలో నలుసులు తేలుతూ కనిపిస్తాయి. ఆ దుమ్ములో మైట్ల విసర్జన రేణువులూ ఉంటాయి. రాత్రంతా ముఖం ఆనించి పడుకునేది ఆ దిండు మీదే. తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద, కొందరిలో ఉబ్బసం, ఎగ్జిమా అనే చర్మవ్యాధి ముదరడం దీని ఫలితాలే.

దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకాలి. పరుపుకు, దిండుకు దగ్గరి నేత ఉన్న జిప్ తొడుగులు వేయాలి. పరుపును మిట్టమధ్యాహ్నం డాబా మీద ఆరేసే పాత అలవాటు మంచిదే, ఎండ తేమను లాగేస్తుంది. అయితే చచ్చిన మైట్ల రేణువులు లోపలే ఉంటాయి, దులపడం తప్పదు. ఇల్లు శుభ్రం చేసేటప్పుడు పొడిచీపురు బదులు తడిగుడ్డ వాడాలి. అలర్జీ ఉన్నవారు దులిపే, ఊడ్చే పని ఇంకొకరికి అప్పగించాలి.

ఆయాసం, పిల్లికూతలు ఉంటే సొంత వైద్యం వద్దు, వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.