శ్రవణ వివేకం

పాఠ్యభాగ ఉద్దేశం: సంగీతం వినడానికి చెవిలో అమర్చుకొనే సాధనాన్ని ఎంచుకొనే విధానాన్ని తెలపడం, ఆ ఎంపికకు చెవి ఆరోగ్యానికి గల సంబంధాన్ని వివరించడం, వస్తువు వెలను గాక ప్రయోజనాన్ని పరీక్షించే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పంచేంద్రియాలలో చెవికి ఒక విశిష్టత ఉంది. కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. నచ్చని దృశ్యం నుండి చూపు మరల్చుకోగలం గాని, నచ్చని ధ్వని నుండి చెవిని మరల్చుకోలేం. నిద్రలో సైతం మెలకువగా ఉండే కావలివాడు చెవి. మన పూర్వులు విద్యను చెవి ద్వారానే గ్రహించారు. వేదానికి శ్రుతి అనే పేరు వినికిడి వల్లనే ఏర్పడింది. భాగవతం పేర్కొన్న నవవిధ భక్తులలో శ్రవణమే మొదటిది. పండితుని బహుశ్రుతుడు అన్నారు. అనగా ఎక్కువగా విన్నవాడు అని అర్థం. సంగీతంలోనూ శ్రుతిని తల్లిగా, లయను తండ్రిగా భావించడం మన సంప్రదాయం. ఇంతటి గౌరవం పొందిన ఇంద్రియాన్ని నేడు మనం ఎంత జాగ్రత్తగా చూసుకొంటున్నామో ఆలోచించవలసి ఉంది.

పూర్వం పాట వినాలంటే మనిషే సభకో, ఆలయానికో వెళ్ళేవాడు. గ్రామఫోను, రేడియో వచ్చి పాటను ఇంటికి తెచ్చాయి. 1979లో జపానుకు చెందిన సోనీ సంస్థ వాక్‌మన్‌ను విడుదల చేయడంతో పాట మనిషి వెంట నడవసాగింది. 2001లో యాపిల్ సంస్థ రూపొందించిన ఐపాడ్ వేయి పాటలను జేబులోకి చేర్చింది. నేడు ఆ పనిని సెల్‌ఫోన్ చేస్తున్నది. ఇన్ని మార్పులలోను మారనిది ఒక్కటే. పాట ఎంత దూరం ప్రయాణించి వచ్చినా చివరి అంగుళం దాటించేది చెవిలోని ఇయర్‌ఫోనే. ఆ సాధనం తగినది కాకపోతే గాయకుని సాధన, వాద్యకారుల ప్రతిభ చెవి వాకిటనే నిలిచిపోతాయి.

ఈ సంగతి నాకు స్వానుభవంతో తెలిసింది. కళాశాలకు బస్సులో వెళ్ళేటప్పుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ కచేరీలు వినాలనే కోరికతో నగరంలోని ఒక దుకాణంలో ఇయర్‌ఫోన్లు కొన్నాను. దుకాణదారుడు చెప్పిన వెలలో సగానికి బేరమాడి, గెలిచినంత సంతోషంతో ఇంటికి వచ్చాను. మరునాడు బస్సులో విన్నాను. గాత్రం సన్నగా, గీచినట్లు వినిపించింది. తంబురా లేదు. మృదంగం కుడి ముఖం పలుకుతున్నది గాని, ఎడమ ముఖం గంభీరనాదం ఎక్కడో మాయమైంది. బస్సు రొదను అధిగమించడానికి ధ్వనిని పెంచాను, మరికొంత పెంచాను. వారం రోజులు ఇదే వరుస. ఒక సాయంకాలం ఇల్లు చేరిన తరువాత పాట ఆగినా చెవిలో హోరు ఆగలేదు. రాత్రి చాలా పొద్దుపోయేవరకు ఆ హోరు నన్ను నిద్రపోనివ్వలేదు.

మరునాడు తరగతిలో ఈ మాట చెప్పగా ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ! ఒకసారి ఆ ఇయర్‌ఫోన్లు చూడవచ్చునా?" అని అడిగాడు. చూసి, "వీటి రబ్బరు తొడుగులు మీ చెవికి చిన్నవండీ. పెట్టెలో పెద్దవి ఇచ్చి ఉంటారు, మార్చి చూడండి" అన్నాడు. ఆ పెట్టెను నేను పూర్తిగా విప్పి చూడనేలేదు. తొడుగు మార్చి విన్నాను. మృదంగం రెండు ముఖాలూ పలికాయి. అంతకన్న ఆశ్చర్యం, మునుపటి ధ్వనిలో సగమైనా పెట్టనవసరం లేకపోయింది. "నాయనా! ఈ రోజు పాఠం నీది" అని అతనిని అభినందించాను.

తొడుగు మార్చినంత మాత్రాన సంగీతం ఎట్లా మారింది? పదమూడవ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరం నాదాన్ని ఆహతం, అనాహతం అని రెండు విధాలుగా పేర్కొన్నది. తాకిడి వల్ల పుట్టేది ఆహతనాదం. ఇయర్‌ఫోన్‌లో పుట్టేది కూడా అటువంటిదే. సాధారణమైన ఇయర్‌ఫోన్‌లో అయస్కాంతం చెంత ఒక సన్నని తీగచుట్ట ఉంటుంది. విద్యుత్తు ప్రవహించినపుడు ఆ తీగచుట్ట ముందుకు వెనుకకు కదులుతూ, తనకు అంటి ఉన్న పలుచని పొరను కంపింపజేస్తుంది. ఆ పొర చాలా చిన్నది. ఎక్కువ గాలిని కదిలించలేదు. తొడుగు చెవి ద్వారాన్ని చక్కగా మూసినపుడు లోపల చిక్కుకొన్న కొద్దిపాటి గాలి ఆ కంపనాలను కర్ణభేరికి నేరుగా అందిస్తుంది. సందు మిగిలితే మంద్రస్వరాల బలం ఆ సందు గుండా బయటికి జారిపోతుంది. నా మృదంగం ఎడమ ముఖం మాయమైనది అందువల్లనే. పైగా అదే సందు గుండా బస్సు రొద లోపలికి ప్రవేశిస్తుంది. అప్పుడు మనం సాధనాన్ని సరిచేయక ధ్వనిని పెంచుతాం. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

కాబట్టి ఇయర్‌ఫోన్ ఎంపికలో మొదట చూడవలసినది అమరిక. సాధారణంగా పెట్టెలో చిన్న, మధ్య, పెద్ద పరిమాణాలలో మూడు జతల తొడుగులు ఉంటాయి. మూడింటినీ పెట్టి చూడాలి. ఒకే మనిషికి కుడి చెవికి ఒక పరిమాణం, ఎడమ చెవికి మరొకటి సరిపోవచ్చు. సిలికాన్ తొడుగు కడుగుకోవడానికి అనువైనది. స్పాంజివంటి తొడుగు చెవి ఆకారానికి ఒదిగి బయటి రొదను బాగా ఆపుతుంది గాని త్వరగా పాడవుతుంది. నొప్పి కలిగించే తొడుగు ఎంత బాగా పలికినా మనకు పనికిరాదు. పరీక్షకు కొత్త పాట వద్దు; బాగా పరిచయమైన పాటను ఎంచుకోవాలి. తంబురా, మృదంగం ఎడమ ముఖం, గాయకుని ఊపిరి, పదాంతంలోని హల్లు వేరువేరుగా వినిపిస్తున్నాయా అని గమనించాలి. ధ్వనిని తగ్గించి వినడం మంచి పరీక్ష. తక్కువ ధ్వనిలో స్పష్టంగా పలికేదే ఉత్తమ సాధనం.

పెట్టెపై ముద్రించిన అంకెలను చూసి మోసపోరాదు. మానవుడు సుమారు 20 హెర్ట్జ్‌ల నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు గల ధ్వనులను వినగలడు. వయస్సుతో పాటు పై హద్దు తగ్గుతుంది. పెట్టెపై 40,000 హెర్ట్జ్‌లు అని ఉన్నంత మాత్రాన వినేది మన చెవియే గదా! ఇంపిడెన్స్ 16 నుండి 32 ఓమ్‌లు ఉన్నవాటిని సాధారణంగా సెల్‌ఫోన్ సులభంగా పలికించగలదు. తీగ లేని బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు సౌకర్యమైనవే. అయితే వాటి బ్యాటరీ కొన్నేళ్ళకు బలహీనమవుతుంది. తీగ గలవాటికి బ్యాటరీ బెడద లేదు గాని, తమ ఫోన్‌లో తగిన రంధ్రం ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి. బయటి రొదను వ్యతిరేక తరంగాలతో తగ్గించే యంత్రాంగం గలవి బస్సు ఇంజను మోతవంటి ఎడతెగని రొదకు బాగా ఉపకరిస్తాయి. ఎక్కువ వెల ఎక్కువ గుణానికి నిదర్శనం కాదు. తక్కువ వెల లాభానికి నిదర్శనమూ కాదు.

ఇంత పరీక్ష ఎందుకని అడగవచ్చు. లోపలి చెవిలో నత్తగుల్లవంటి కర్ణావర్తం ఉంది. అందులోని సుమారు 15 వేల రోమకణాలు కంపనాలను గ్రహించి శ్రవణనాడికి అందిస్తాయి. తెగిన గోరు మళ్ళీ పెరుగుతుంది. మనిషిలో నశించిన రోమకణం మళ్ళీ పుట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి రూపొందించిన ప్రమాణం ప్రకారం పెద్దలు 80 డెసిబెల్‌ల ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. పిల్లలకు అంతే కాలానికి హద్దు 75 డెసిబెల్‌లు. ధ్వని మూడు డెసిబెల్‌లు పెరిగితే వినదగిన కాలం సగమవుతుంది. 80కి 40 గంటలైతే 83కు 20 గంటలు, 86కు 10 గంటలు, 89కి 5 గంటలు మాత్రమే. ఫోన్ గరిష్ఠ ధ్వనిలో 60 శాతం మించకుండా వినడం, మధ్యమధ్య చెవికి విశ్రాంతినివ్వడం మంచి అలవాట్లు.

అతిధ్వని వల్ల సాధారణంగా మొదట దెబ్బతినేది తారస్వరాలను వినే శక్తి. భాషలో శ, ష, స వంటి ఊష్మాలు ఆ తారధ్వనుల బలంతోనే స్పష్టమవుతాయి. ఆ శక్తి సన్నగిల్లినవాడికి మాట వినిపిస్తుంది గాని, ఏ మాటో తెలియదు. పాట కోసం చెవిని ఖర్చు చేసినవాడు చివరికి తల్లి పిలుపులోని అక్షరాలను పోగొట్టుకొంటాడు. ఇంతకన్న పెద్ద నష్టం ఏముంటుంది?

మరి రెండు జాగ్రత్తలు. రోడ్డు మీద, రైలు పట్టాల సమీపంలో రెండు చెవులనూ మూసుకొని నడవరాదు. తొడుగులను తరచు శుభ్రం చేయాలి; ఒకరివి మరొకరు వాడరాదు. చెవిలో గులిమి ఎక్కువగా ఉన్నా, హోరు తగ్గకపోయినా వైద్యుని సంప్రదించాలి.

విద్యార్థులారా! ఇయర్‌ఫోన్ పాడైతే మరొకటి కొనవచ్చు. చెవిని కొనలేం. ఏ సాధనాన్ని కొన్నా, అది మీచేత ధ్వనిని పెంచనిచ్చేదా, తగ్గించనిచ్చేదా అని ఒక్క ప్రశ్న వేసుకోండి. తగ్గించనిచ్చేదే మీ సాధనం.

కఠిన పదాలు – అర్థాలు

బహుశ్రుతుడు = పండితుడు, ఎక్కువగా విన్నవాడు
ఆహతం = కొట్టబడినది, తాకిడి వల్ల పుట్టినది
మంద్రస్వరం = తగ్గుస్థాయి స్వరం
తారస్వరం = హెచ్చుస్థాయి స్వరం
కర్ణభేరి = చెవిలోని పలుచని పొర
కర్ణావర్తం = లోపలి చెవిలోని చుట్టలు తిరిగిన భాగం
ఊష్మాలు = శ, ష, స, హ అనే వర్ణాలు

అభ్యాసం

1. చెవికి గల విశిష్టతను రచయిత ఏ విధంగా వివరించాడు?
2. తొడుగు సరిపడనపుడు మంద్రస్వరాలు ఎందుకు వినిపించవు?
3. ఇయర్‌ఫోన్ ఎంపికలో పాటించవలసిన పద్ధతులను తెలపండి.
4. ధ్వని తీవ్రతకు, వినదగిన కాలానికి గల సంబంధాన్ని ఉదాహరణతో రాయండి.
5. "నాయనా! ఈ రోజు పాఠం నీది" – సందర్భసహిత వ్యాఖ్య రాయండి.