పల్లె ఎరుక – జీవావరణ శాస్త్రం

ఉద్దేశం: తరతరాలుగా రైతులు, గిరిజనులు ప్రకృతిని గమనించి కూడబెట్టుకొన్న జ్ఞానం జీవావరణ శాస్త్రంలో ఏ విధంగా చేరుతుందో, అలా చేర్చేటప్పుడు పాటించవలసిన ధర్మమేమిటో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

కరీంనగర్ జిల్లాలోని జమ్మికుంట పత్తి మార్కెట్టుకు పేరుపొందిన పట్టణం. ఆ ఊరి పేరులోనే ఒక చెట్టూ, ఒక నీటివనరూ ఉన్నాయి. విజయదశమి నాడు జమ్మిచెట్టును పూజించి, దాని ఆకును ‘బంగారం’ అని పెద్దల చేతిలో పెట్టి దీవెనలు అందుకోవడం తెలంగాణ అంతటా ఉన్న ఆచారం. 2014లో తెలంగాణ ప్రభుత్వం జమ్మిని రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది. రాజస్థాన్ రైతులు ఈ చెట్టునే ఖేజ్రీ అంటారు. చేలో మొలిచిన ఖేజ్రీని వారు కొట్టివేయరు. దాని చెంత సజ్జపైరు ఏపుగా పెరుగుతుందన్నది వారి అనుభవం. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ చెట్ల కింది మట్టిని పరీక్షించినప్పుడు, ఆరుబయటి మట్టిలో కంటే అందులో సేంద్రియ పదార్థం, నత్రజని అధికంగా ఉన్నట్లు తేలింది. జమ్మి వేళ్లు చాలా లోతుకు చొచ్చుకొనిపోతాయి కనుక పైపొరలోని తేమ కోసం పైరుతో అంతగా పోటీపడవు. ఆకు రాలి మట్టిలో కలిసి ఎరువవుతుంది. రైతు కన్ను చూసిన దానికి శాస్త్రవేత్త కారణం చెప్పాడు.

జీవులకూ వాటి పరిసరాలకూ గల సంబంధాన్ని వివరించేది జీవావరణ శాస్త్రం. విశ్వవిద్యాలయాల్లో ఇది ఒక శాస్త్రశాఖగా రూపొంది నూట యాభై ఏళ్లకు మించలేదు. కాని ఏ వానకు ఏ పురుగు లేస్తుందో, ఏ నేలకు ఏ విత్తనం నప్పుతుందో, ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో గమనించడం అంతకు ఎంతో ముందే పల్లెల్లో మొదలైంది. శాస్త్రవేత్త కొద్ది సంవత్సరాలు ఒక ప్రాంతాన్ని పరిశీలించగలడు. ఆ నేల మీదనే పుట్టి పెరిగిన కుటుంబం అనేక తరాల అనుభవాన్ని ఒకరి నుంచి ఒకరికి అందిస్తుంది. అయితే ఆ జ్ఞానం గ్రంథాల్లో కాక, నోటి మాటలో, చేతి పనిలో నిలిచి ఉంటుంది. అందువల్ల చాలాకాలం శాస్త్రలోకం దానిని లెక్కలోకి తీసుకోలేదు. అలా ఉపేక్షించినందువల్ల కలిగిన నష్టం, ఆదరించినందువల్ల కలిగిన మేలు తెలుసుకోవడానికి ఎర్ర గొంగళి పురుగు కథ మంచి ఉదాహరణ.

తెలంగాణలోని చల్కా నేలల్లో ఆముదం, వేరుశనగ, పప్పుధాన్యాల పైర్లను ఎర్ర గొంగళి పురుగు నాశనం చేస్తుంది. రోహిణి కార్తె ఎండలు ముగిసి తొలకరి వానలు పడగానే నేలలో నిద్రావస్థలో ఉన్న కోశాల నుంచి రెక్కల పురుగులు ఒక్కుమ్మడిగా బయటికి వస్తాయి. ఒక్కొక్క ఆడ పురుగు వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. వాటి నుంచి వెలువడిన గొంగళి పురుగులు గుంపులుగా కదలి ఒక చేను తిని మరొక చేనికి పోతాయి. ఎదిగిన పురుగు ఒంటినిండా దట్టమైన వెంట్రుకలు ఉండడం వల్ల చల్లిన మందు దాని శరీరానికి సరిగా తగలదు. రైతులు అప్పు చేసి మందులు కొనేవారు. పంటా దక్కేది కాదు, అప్పూ తీరేది కాదు.

ఆ పురుగు నడవడిని రైతులు ఎరుగుదురు. తొలకరి తరువాత రాత్రివేళ రెక్కల పురుగులు వెలుగు వైపు వస్తాయని, గొంగళి పురుగులు జిల్లేడు, అడవి ఆముదం వంటి మొక్కల ఆకులను ఇష్టంగా తింటాయని వారు గమనించారు. ఆ పురుగు జీవితచక్రంలోని ఏ దశలో దానిని అదుపు చేయడం సులభమో కీటక శాస్త్రవేత్తలు ఎరుగుదురు. 1989 తరువాతి కొన్నేళ్లలో సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అనే స్వచ్ఛంద సంస్థ చొరవతో ఈ రెండు తెలివిడులు ఒకచోట చేరాయి. తొలకరి పడిన తరువాత ఊరివారంతా కలిసి చేలలో రాత్రిపూట మంటలు వేశారు. వెలుగుకు వచ్చిన రెక్కల పురుగులు గుడ్లు పెట్టకముందే మంటల్లో పడి చనిపోయాయి. మిగిలిన వాటి పిల్లల కోసం చేను చుట్టూ కందకం తీసి అందులో జిల్లేడు కొమ్మలు పరిచారు. ఆకు కోసం వచ్చిన గొంగళి పురుగులు కందకంలోనే చిక్కుకొన్నాయి.

ఇందులో గమనింపదగిన అంశం ఒకటి ఉంది. ఒక్క రైతు తన చేలో మాత్రమే మంట వేస్తే ఫలితం ఉండదు. పురుగుకు పొలం గట్లు తెలియవు. ఊరంతా ఒకే సమయంలో పూనుకొన్నప్పుడే ఉపాయం ఫలిస్తుంది. ఏ రాత్రి మంట వేయాలో నిర్ణయించడానికి ఆ ఊరి వానను చూచినవారి మాటే ప్రమాణం. దూరాన ఉన్న ప్రయోగశాల ఆ నిర్ణయం చేయలేదు. ఈ అనుభవమే తరువాత పురుగుమందులు లేని సస్యరక్షణ అనే పద్ధతికి పునాది అయింది.

1997-98లో వరంగల్, పరిసర జిల్లాల్లో పురుగు ఉధృతి వల్ల పత్తి పంట దెబ్బతిని అనేకమంది రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. పచ్చపురుగు, లద్దెపురుగు మందులకు లొంగని స్థితికి చేరుకొన్నాయి. ఎక్కువ మందు చల్లిన కొద్దీ పురుగును తినే మిత్రకీటకాలు నశించి, పురుగు మరింత పెరిగింది. ఆ విషాదం తరువాత పత్తి చేలో లద్దెపురుగును ఆకర్షించడానికి ఆముదం మొక్కలు వేయడం, పచ్చపురుగు కోసం బంతి మొక్కలు నాటడం, వేప కషాయం చల్లడం వంటి పద్ధతుల వైపు దృష్టి మళ్లింది. 2005 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహిళా స్వయం సహాయక సంఘాల ద్వారా ఈ పద్ధతులను విస్తరింపజేసింది.

వేప చరిత్ర మరొక పాఠం నేర్పుతుంది. ధాన్యపు గాదెల్లో వేపాకు వేయడం తెలుగు ఇళ్లలో అతి సాధారణమైన పని. 1962లో ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్. ప్రధాన్, ఆయన సహచరులు వేపగింజల పొడిని నీటిలో కలిపి పైరు మీద చల్లగా, దండెత్తి వచ్చిన మిడతలు ఆ పైరును ముట్టలేదు. 1968లో ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు అందుకు మూలమైన అజాడిరక్టిన్ అనే పదార్థాన్ని వేపగింజల నుంచి వేరుచేశారు. నేడు వ్యవసాయ శాఖ సిఫారసు చేసే 5 శాతం వేపగింజల కషాయం వెనుక గాదెలో వేపాకు వేసిన గృహిణి తెలివీ ఉంది, ప్రయోగశాల పరీక్షా ఉంది.

కాని 1994లో వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతిపై ఒక అమెరికన్ కంపెనీకి, అమెరికా వ్యవసాయ శాఖకు కలిపి ఐరోపా పేటెంటు కార్యాలయం పేటెంటు మంజూరు చేసింది. ఆ పద్ధతి భారతీయులకు పూర్వమే తెలుసునని వందనా శివ మొదలైనవారు వాదించారు. 2000లో ఆ పేటెంటు రద్దయింది. 2005లో అప్పీలు కూడా వీగిపోయింది. గాయానికి పసుపు అద్దే విద్యపై అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటు కూడా భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి అభ్యంతరంతో 1997లో రద్దయింది. పసుపు విస్తారంగా పండించే ఉత్తర తెలంగాణకు ఇది పరాయి విషయం కాదు. వ్రాతలో ఉన్న ఆధారాలు చూపడం వల్లనే ఆ కేసు గెలుపు సాధ్యమైంది. నోటిమాటగా మిగిలిన జ్ఞానాన్ని కాపాడుకోవడం కష్టమని దీనివల్ల స్పష్టమవుతుంది.

జమ్మికుంట పేరులోని కుంట కూడా ఒక విద్యకు గుర్తు. వేసవిలో ఎండిన చెరువుల నుంచి ఒండ్రుమట్టి తవ్వి బండ్లతో చేలకు తోలుకోవడం తెలంగాణ రైతుకు అలవాటు. వానకు పైనున్న పొలాల నుంచి కొట్టుకొనివచ్చిన మెత్తని మన్ను, కుళ్లిన ఆకు చెరువులో పేరుకొంటాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మెదక్ జిల్లాలో తవ్విన చెరువుమట్టిని పరీక్షించి, అందులో ఉన్న పోషకాల విలువను లెక్కగట్టి 2003లో ప్రకటించారు. ఇసుకపాలు ఎక్కువగా ఉన్న చల్కా నేలకు ఆ మట్టి పోషకాలతోపాటు తేమను పట్టి ఉంచే శక్తిని ఇస్తుంది. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పథకంలో చెరువుల పూడిక తీసి, ఆ మట్టిని రైతుల పొలాలకు చేర్చడం ఒక ముఖ్యాంశమైంది.

అయితే పాతదంతా మంచిదని నమ్మడం కూడా శాస్త్రదృష్టి కాదు. ఆదిలాబాద్ అడవుల్లో గోండులు, కొలాములు తపసి చెట్టు నుంచి జిగురు సేకరిస్తారు. ఆ చెట్టు ఎక్కడ ఉంటుందో, ఎప్పుడు జిగురు స్రవిస్తుందో వారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. కాని జిగురు కోసం గొడ్డలితో లోతుగా నరకడం వల్ల చెట్లు చనిపోయేవి. గిరిజన సహకార సంస్థ, విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ వంటివి చిన్న పనిముట్టుతో పైపైన గాటు పెట్టే పద్ధతిని గిరిజన సేకర్తలకు నేర్పాయి. ఆ పద్ధతిలో చెట్టు బ్రతికింది, జిగురు శుభ్రంగా వచ్చింది, ధరా పెరిగింది. అదేవిధంగా దసరానాడు పాలపిట్టను చూడడం శుభమన్న నమ్మకం ఆ పక్షిపై ప్రజలకు గల ప్రేమకు గుర్తు. కాని ఆ పేరుతో పక్షిని పట్టి పంజరంలో పెట్టి చూపడం చట్టవిరుద్ధం, దానికి ప్రాణాంతకం. పరీక్ష శాస్త్రవేత్త మాటకు ఎంత అవసరమో, పెద్దల మాటకూ అంతే అవసరం.

ఈ పరీక్ష ఎక్కడ జరగాలి? రైతు పొలంలోనే జరగాలి. అందుకొరకే 1974లో పుదుచ్చేరిలో మొదటి కృషి విజ్ఞాన కేంద్రం నెలకొన్నది. అటువంటి కేంద్రం జమ్మికుంటలోనూ ఉంది. రైతు క్షేత్రంలో రైతు కళ్లముందు ప్రయోగం చేసి చూపడం ఈ కేంద్రాల విధి. భారత వ్యవసాయ పరిశోధన మండలి దేశమంతటా రైతుల సంప్రదాయ పద్ధతులను సేకరించి 2002 నుంచి సంపుటాలుగా ప్రచురించింది. వాటిలో కొన్నింటిని ప్రయోగపూర్వకంగా పరీక్షింపజేసింది.

జ్ఞానం ఇచ్చినవారికి ఫలంలో భాగం ఇవ్వడం ఈ కృషిలో చివరి మెట్టు. కేరళలోని అగస్త్య పర్వతాల్లో కాణి గిరిజనులు అలసట తెలియకుండా తినే ‘ఆరోగ్యపచ్చ’ అనే మొక్కను శాస్త్రవేత్తలకు చూపారు. దాని నుంచి తయారైన ఔషధంపై 1995లో ఒక సంస్థకు హక్కు ఇచ్చినప్పుడు, వచ్చే సొమ్ములో సగం కాణులకు చెందాలని నిర్ణయించారు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఈ న్యాయాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. దాని ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఏర్పడాలి, ఆ ఊరి మొక్కలు, జంతువులు, వాటికి సంబంధించిన ప్రజల జ్ఞానం ఒక రిజిస్టరులో నమోదు కావాలి.

ఆ రిజిస్టరులోని పుటలు నింపగలవారు విశ్వవిద్యాలయాల్లో లేరు. చెరువుమట్టిని చేతిలో నలిపి చేనికి తగినదో కాదో చెప్పగల తాతలు, విత్తనాన్ని బూడిదలో కలిపి దాచే అవ్వలు పల్లెల్లో ఉన్నారు. వారి సంఖ్య ఏటేటా తగ్గుతున్నది. కళాశాలలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చదివే విద్యార్థికి తన ఇంటిలోని అవ్వ భాషా తెలుసు, శాస్త్ర పరిభాషా తెలుసు. ఆ రెండింటికీ నడుమ నిలిచి, విన్నదానిని చెప్పినవారి పేరుతో వ్రాసి, వ్రాసినదానిని పరీక్షకు పెట్టగల అవకాశం ఆ విద్యార్థికి ఉన్నంతగా మరెవరికీ లేదు.

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఎర్ర గొంగళి పురుగు నివారణలో రైతుల అనుభవం, శాస్త్రవేత్తల పరిజ్ఞానం ఏ విధంగా కలిసి పనిచేశాయో వివరించండి.
2. సంప్రదాయ జ్ఞానాన్ని ఆదరించడంతోపాటు పరీక్షించడం కూడా అవసరమని పాఠం ఆధారంగా నిరూపించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. చెరువుమట్టి చల్కా నేలలకు ఎలా మేలు చేస్తుంది?
2. వేప, పసుపు పేటెంట్లు ఎందుకు రద్దయ్యాయి?
3. ఒక్క రైతు మాత్రమే మంట వేస్తే ఫలితం ఎందుకు ఉండదు?
4. మీ ఊరిలోని పెద్దలను అడిగి, మొక్కలకు లేదా పురుగులకు సంబంధించిన ఒక సంప్రదాయ పద్ధతిని వ్రాయండి. దానిని ఎలా పరీక్షించవచ్చో తెలపండి.