అనేబుల్: ఒక్క మాటకి తెలుగులో ఎన్ని?

మనం స్క్రీన్ మీద తరచూ చూసే మాట "అనేబుల్ టు కనెక్ట్". అనేబుల్ అంటే "చేయలేని స్థితిలో ఉన్న" అని అర్థం. ఇది విశేషణం, క్రియ కాదు. అందుకే వాక్యంలో దీని ముందు యామ్, ఈజ్, వాజ్ లాంటిది ఉండాలి, తర్వాత "టు", ఆపైన క్రియ రావాలి. "ఐ అనేబుల్ టు కమ్" తప్పు, "ఐ యామ్ అనేబుల్ టు కమ్" ఒప్పు. నామవాచకం మాత్రం "ఇనెబిలిటీ".

ఇప్పుడు తెలుగుకి వద్దాం. "ఐ యామ్ అనేబుల్ టు స్విమ్" అంటే ఎందుకో తెలీదు. మన భాషలో ఆ కారణం మాటలోనే ఉంటుంది.

ఈత రాదు: నేర్చుకోలేదు.
ఈదలేను: ఓపిక లేదు, లేదా శక్తి చాలదు.
ఈదడం కుదరదు: టైమో, పరిస్థితో అడ్డం.
నా వల్ల కాదు: చేతులెత్తేశాను.

ఈ తేడా చిన్నదేం కాదు. ఫస్టియర్‌లో కొందరు "నేను కోడింగ్ చేయలేను" అనేస్తారు. చాలాసార్లు అసలు సంగతి "కోడింగ్ రాదు" అంతే. "రాదు", "వచ్చు" రెండూ "రావడం" నుంచి పుట్టినవే. ఇవాళ రానిది నేర్చుకుంటే రేపు వస్తుంది. "చేయలేను" అంటే ఆ దారి మనమే మూసేసినట్టు.

కాబట్టి మెయిల్‌లో "అనేబుల్" రాస్తే పక్కనే కారణం కూడా రాయండి. తెలుగులో అయితే సరైన మాట ఎంచుకోండి, చాలు.