అడవిపందియు, పనియుడిగిన యెద్దును

మొక్కజొన్న కంకి పాలుపోసుకొను దినములలో రైతునకు నిద్ర యుండదు. నడిరేయి అడవిపందుల మంద యొకటి చేనిలో దిగినచో, అవి తినునది కొంచెము, త్రొక్కి విరుచునది మెండు. వేరుసెనగ చేనైనయెడల సాలు సాలంతయు పెల్లగింపబడును. తెల్లవాఱి గట్టుపై నిలిచి ఆ చేనిని చూచుకొనువానికి అహింసను బోధించుట యెవ్వరి తరము? మాకును ఆ యుద్దేశము లేదు. అయినను పంటను కాపాడుకొనుటకు ఏమి చేయవచ్చును, ఏమి చేయరాదు అను ప్రశ్న మన సభ్యులలో ఏటేట వచ్చుచున్నది. దాని వెంటనే మరియొక ప్రశ్నయు వచ్చుచున్నది: పనియుడిగిన యెద్దు నేమి చేయవలెను? మొదటిది వేటకు, రెండవది గోశాలకు సంబంధించినవి. రెంటిలోను జంతువు బాధకు మనమెంతవఱకు పూచీదారుల మన్నదే విచార్యాంశ మగుటచే కలిపి వ్రాయుచున్నాము.

1928లో సబర్మతి యాశ్రమమున నొక దూడ తీరని వ్యాధితో పడి, ప్రక్కకు తిరుగుటకైనను శక్తి లేక బాధపడుచుండెను. బ్రతుకునన్న ఆశ లేకపోయెను. గాంధీగారు తోడివారితో ఆలోచించి, సూదిమందుతో దాని ప్రాణము తీయించిరి. దేశమున గొప్ప అలజడి కలిగి, నిందావాక్యములతో జాబులు వచ్చెను. ఆ మరణము దూడ మేలుకొఱకే తలపెట్టినది గావున హింస కాదని ఆయన తమ పత్రికలో సమాధానము వ్రాసిరి. అంతతో ఆగక, తోటలను పాడుచేయు కోతుల ప్రసక్తిని తామే తెచ్చిరి. కోతులను చంపినచో అది మన లాభముకొఱకు చేసిన పని యగును గాన, దానిని దూడ విషయముతో జతచేయరాదనియు, అది హింసయే యనియు ఒప్పుకొనిరి.

ఈ భేదము రైతునకు మిక్కిలి పనికివచ్చును. పందిని చంపుట పుణ్యకార్య మని చెప్పుకొన నక్కఱలేదు. వినోదమని చెప్పుకొనుట అంతకంటెను తప్పు. అది మన కూటికొఱకు చేయు హింస. దాని కా పేరే పెట్టుకొన్నవాడు ఎంతవఱకు, ఏ విధముగా నని తన్ను తాను ప్రశ్నించుకొనును. వేటను సరదాగా నెంచువానికి ఈ ప్రశ్న పుట్టదు.

మన ప్రాంతములలో జరుగుచున్న పద్ధతులను చూచిన, చంపుటకంటె చంపు తీరు ఘోరముగ నున్నది. మేమొక తెల్లవాఱుజామున పొదలలో ఉచ్చు తగులుకొన్న పందిని చూచితిమి. మోటారుసైకిలు క్లచ్చితీగె నడుమునకు బిగిసి మాంసములోనికి దిగియుండెను. చుట్టును నేల దున్నినట్లుండెను. రాత్రియంతయు పెనుగులాడెనని తెలియుచుండెను. ఉచ్చు పెట్టినవాడు పట్టుబడుదునను భయమున రాడాయెను. దానిని విడిపించుటకు దగ్గఱకు పోజాలము, చంపుటకు మాకు చేతులాడలేదు. మధ్యాహ్నమునకు అది తనంతట చచ్చెను. ఆ యుచ్చే మఱుదినమున మేతకు పోయిన లేగదూడను పట్టుకొనవచ్చును, చిఱుతను పట్టవచ్చును, కాపలా కుక్కను పట్టవచ్చును. పెట్టినవాడు ఇంట పండుకొనియుండగా ఎవరిని చంపునో తెలియని సాధనమిది.

విద్యుత్తు తీగె సంగతియు నట్టిదే. ఇంటి కరెంటును గాని, పైనున్న లైనుకు కొక్కెము తగిలించి గాని చేని చుట్టును ప్రవహింపజేసినచో, ముందుగా చచ్చునది పంది యని చెప్పజాలము. రాత్రి మోటారు వేయబోయిన ప్రక్క పొలము రైతో, వాని కొడుకో కావచ్చును. అట్లు చచ్చినవారు అనేకులు. నాటుబాంబులను ఎఱలో పెట్టుటయు కొన్నిచోట్ల కలదు. 2020 మే నెలలో కేరళములోని పాలక్కాడు జిల్లాలో సూలుతోనున్న యేనుగు అట్టి పేలుడు పదార్థము కొఱికి, నోరు చిట్లి, తినజాలక, నీటిలో నిలిచి చచ్చినది దేశమంతయు నెఱిగినదే.

చట్టము మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే వేట నిషిద్ధము. అయితే పంటకు నష్టము చేయు అడవిపందిని, ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన యధికార మిచ్చిన యుద్యోగి గాని కారణములు వ్రాసి యుత్తర్వు చేసినచో చంపవచ్చును. 2022లో కేరళ ప్రభుత్వము ఈ యనుమతి నిచ్చు అధికారమును గ్రామపంచాయతీ అధ్యక్షులకు సయితము కల్పించెను. విషము, పేలుడు పదార్థములు, విద్యుత్తు వాడరాదని నియమము పెట్టెను. నెమలిని, కృష్ణజింకను పంటనష్టము కారణముగా చంపుట కెవ్వరును అనుమతి నీయజాలరు. ఉత్తర్వుపై చంపిన జంతువు సయితము ప్రభుత్వపు సొత్తే గాని రైతు సొత్తు గాదు. ఈ కడపటి నియమము కొందఱకు రుచింపదు. కాని పంటకొఱకు చంపువానికి మాంసముతో పని యేమి? మాంసముమీద కన్నున్నవానికి చేను నెపము మాత్రమే.

చంపకయే కాచుకొను మార్గములు కలవు. మొక్కజొన్న చుట్టును నాలుగు వరుసలు ఆముదము వేయుట, వేరుసెనగ చుట్టును ముండ్లుగల కుసుమ వేయుట ఫలించినవి. సౌరశక్తి కంచెలో విద్యుత్తు సుమారు క్షణమునకొకసారి, లిప్తపాటు మాత్రమే పాఱును. జంతువు త్రుళ్లిపడి మరలును గాని చావదు. దానిని ఇంటి కరెంటుతో కలుపుట మాత్రము హత్యాప్రయత్నమే. అయితే ఒక రైతు కంచె వేసికొన్నచో పంది ప్రక్క చేనికి పోవును. వాడు మనకంటె పేదవాడై యుండును. అందుచే కంచె పొలమునకు గాక అడవివైపు పొలిమేరకు వేయవలెను. దాని ఖర్చు, దానికి పట్టిన తీగెలను నఱకు పని, మంచెలపై వంతుల కావలి మొదలగునవి ఒంటివాని పనులు గావు, సంఘము చేయదగినవి.

ఇక ముసలియెద్దు. పంది మన చేనికి పరాయిది, ఎద్దట్లు గాదు. దాని మెడపై కాడి మోపినది మనమే. అయినను కాడి దించిన తరువాత ఊరి బయటకు తోలి, గోమాత బిడ్డ యెక్కడనో మేయునని తృప్తిపడువారున్నారు. అది మేయునది మఱియొకని చేను. తోలినవాడు చంపలేదు గావున నిర్దోషి నని తలంచును. 1926లో అహమ్మదాబాదున నొక మిల్లు యజమాని అఱువది వీధికుక్కలను చంపించినపుడు చెలరేగిన వాదములో గాంధీగారు, యజమాని లేని కుక్కకు ముద్దవేసి వీధికి విడుచుట దయ కాదని వ్రాసిరి. మన యెద్దునకును ఆ మాట వర్తించును.

గోశాలకు పంపుట ఉత్తమమే, గోశాల గోశాలయైనచో. బొంబాయిలో 1832లో వీధికుక్కలను చంపించుటపై పెద్ద అల్లరి జరిగి, 1834లో అచ్చట పింజరాపోలు స్థాపింపబడెను. దయతో పుట్టిన యిట్టి సంస్థలు మేతతో బ్రతుకవలెను. మూడువందల కిలోల పశువునకు దినమునకు ఆఱేడు కిలోల ఎండుమేత కావలెను. ఏటికి రెండు టన్నులకు పైగా నగును. నూఱు పశువులను చేర్చుకొన్నవారికి రెండువందల టన్నులు దాటును. కానుకలు పండుగ దినములలో వచ్చును. ఆకలి దినదినము వచ్చును. చోటు చాలక క్రిక్కిఱిసిన కొట్టములో బలమైనది ముసలిదానిని త్రోసి మేత తినును. క్రొత్తగా వచ్చిన పశువును వేఱుగా కట్టనిచో గాలికుంటు మందకంతకు నంటును. చేర్చుకొన్న సంఖ్యను చాటువారు చచ్చిన సంఖ్యను చెప్పరు. ఎద్దును దిగవిడుచుటకు ముందు అడుగవలసినది ఆ రెండవ సంఖ్యయే.

లేవలేక, పుండ్లు పడి, పురుగు పట్టిన పశువు మాట మిగిలెను. ప్రాణము తీయరాదని దానిని అట్లే యుంచు గోశాలలు కలవు. బ్రతికించియుంచుట క్రూరమగు పశువునకు బాధలేని మరణము కలిగించు మార్గమును 1960 నాటి జంతుహింస నివారణ చట్టమే తెఱచియుంచినది. పశువైద్యుని నిర్ణయముపై అట్లు చేయుటయే తగునని మా మతము. ఇందు మా సభ్యులలో పలువురు మాతో ఏకీభవింపరని యెఱుగుదుము. వారి జాబులను కూడ ప్రకటింతుము. కాని జాబు వ్రాయుటకు ముందు వారు అట్టి పశువు ప్రక్కన ఒక రాత్రి గడపి రావలెనని కోరుచున్నాము.

ఈ లోపున సంఘము చేయగల పని యొకటి కలదు. సభ్యుడు కళ్లములో తన వరిగడ్డినుండి బండి కొకమోపు చొప్పున ఇచ్చినచో, ఊరి ముసలియెద్దులను ఊరిలోనే, అవి యెఱిగిన మనుష్యుల నడుమ ఉంచుకొనవచ్చును. రానున్న సర్వసభ్య సమావేశమున దీనిని చర్చకు పెట్టుచున్నాము. సభ్యులు తమ యింట పనియుడిగిన పశువులెన్ని కలవో లెక్క వ్రాసి తేవలెను.