మీటింగులకి వెళ్తున్న ప్రణతికి



ఈ నెల నుంచి బెంగళూరులో జరిగే ఆపరేషన్ కో-ఆర్డినేషన్ కమిటీ మీటింగులకి మీ ఆఫీసు తరఫున నిన్నూ పంపిస్తున్నారని అమ్మ ఫోన్లో చెప్పింది. సబ్‌స్టేషన్ పని వదిలి అక్కడ కూర్చుని టీలు తాగి రావడమేమిటని నువ్వు విసుక్కున్నావని కూడా చెప్పింది. ఆ విసుగుతో మాత్రం బండెక్కకు తల్లీ. పంపిస్తున్నది చిన్న పనికి కాదు.

ఆ మీటింగులు పెట్టే దక్షిణ ప్రాంత విద్యుత్ కమిటీకి ఎవరి మీదా పెత్తనం లేదు. గ్రిడ్ నిలకడగా, పొదుపుగా నడవడానికి కావలసిన విషయాల మీద సభ్యులు ఒక ఒప్పందానికి రావచ్చు అన్నంత వరకే 2003 విద్యుత్ చట్టం చెప్పింది. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళ, పుదుచ్చేరి, వీటికి తోడు ఎన్‌టీపీసీ, అణు విద్యుత్ వాళ్లు, పవర్‌గ్రిడ్, లోడ్ డిస్పాచ్ సెంటర్ అందరూ ఒక బల్ల చుట్టూ చేరి ఒకరినొకరు ఒప్పించుకోవాలి. ఏ లైనుకి ఎప్పుడు షట్‌డౌన్ ఇవ్వాలి, ఏ యూనిట్‌ని ఏ నెలలో ఓవర్‌హాలింగ్‌కి ఆపాలి, ఏ ఫీడర్లని ఆటోమేటిక్ లోడ్ షెడ్డింగ్ కింద పెట్టాలి, అన్నీ అక్కడే తేలతాయి. పేపర్లో వచ్చేది మంత్రిగారి ప్రకటన. రేపు సాయంత్రం ఆరు గంటలకి గ్రిడ్ ఎలా నడవాలన్నది ఆ మీటింగుల మినిట్స్‌లో ఉంటుంది.

ఆ నిర్ణయాలు ఎంత బరువైనవో 2012లో చూశాం. ఆ ఏడాది జూలై 30 తెల్లవారుజామున ఉత్తర గ్రిడ్ మొత్తం పడిపోయింది. మర్నాడు మధ్యాహ్నం ఉత్తరం, తూర్పు, ఈశాన్యం మూడూ కలిసి పడ్డాయి. అరవై కోట్ల మందికి పైగా కరెంటు లేకుండా పోయారు. అప్పుడు ట్రిప్ అయిన లైను బీనా-గ్వాలియర్ 400 కేవీ లైను. దాని మీద ఫాల్ట్ లేదు, తీగ తెగలేదు, పిడుగు పడలేదు. పక్కన ఉన్న రెండో లైను 765 కేవీకి మార్చే పని మీద షట్‌డౌన్‌లో ఉంది. భారమంతా ఒక్క లైను మీదే పడింది. లోడు పెరిగి, వోల్టేజీ పడిపోయి, డిస్టెన్స్ రిలే మూడో జోన్‌కి అది దూరాన ఎక్కడో ఫాల్ట్ ఉన్నట్టు కనిపించింది. రిలే తనకి చెప్పిన పని తాను చేసి లైనుని ట్రిప్ చేసింది. ఇక మిగిలిన లైన్లు వరసగా ట్రిప్ అయ్యాయి. ఆ షట్‌డౌన్ ఉండగా మిగిలిన లైను మీద ఎంత బరువు పడుతుంది, ఆ మూడో జోన్ సెట్టింగ్ ఎంత లోడు దాకా తట్టుకుంటుంది అన్న రెండు ప్రశ్నలూ మన కమిటీల అజెండాలో ఎప్పుడూ ఉండేవే. అలాంటి ప్రశ్న అడిగేవాళ్లు గదిలో ఉండాలి. అడగాల్సిన రోజున అడగాలి.

ఆ రెండు రోజులూ దక్షిణాది గ్రిడ్ మాత్రం పడిపోలేదు. అప్పటికి మనం మిగతా దేశంతో హెచ్‌వీడీసీ (డైరెక్ట్ కరెంటు) లింకుల ద్వారానే కలిసి ఉన్నాం కాబట్టి అక్కడి పతనం మనల్ని కూడా లాక్కుపోలేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-సోలాపూర్ 765 కేవీ లైనుతో ఆ తెర కూడా పోయింది. ఇప్పుడు దేశమంతటికీ ఒకటే ఫ్రీక్వెన్సీ. ఎక్కడ తప్పు జరిగినా మన ప్యానెల్ మీద కనిపిస్తుంది.

నువ్వు మొట్టమొదట పట్టించుకోవాల్సింది, ఫ్రీక్వెన్సీ పడిపోతే ఫీడర్లని వాటంతటవే కోసే అండర్ ఫ్రీక్వెన్సీ రిలేల జాబితా. 2012లో పైన మూడు ప్రాంతాల్లోనూ ఆ రిలేలు కాగితం మీద చూపిన రిలీఫ్, అంటే లోడు తగ్గింపు, ఇవ్వలేదని విచారణ కమిటీ రాసింది. మన జాబితాలోనూ ఫలానా ఫీడర్‌కి ఇన్ని మెగావాట్లు అని ఎప్పుడో రాసి ఉంటుంది. ఆ ఫీడర్ మీద ఇప్పుడు ఏముంది? వ్యవసాయ లోడు పగటికి మారితే రాత్రి అందులో రిలీఫ్ ఎక్కడి నుంచి వస్తుంది? దాని మీద సోలార్ ప్లాంటు వచ్చి చేరితే, మిట్టమధ్యాహ్నం ఆ ఫీడర్ కోయడం వల్ల గ్రిడ్‌కి మేలు బదులు కీడే జరగవచ్చు. ఇది బెంగళూరులో కూర్చున్నవాళ్లకి తెలియదు. సబ్‌స్టేషన్ లాగ్‌షీట్‌కి తెలుసు. మీటింగుకి ముందు నీ పరిధిలోని ఫీడర్లవి పగలు, రాత్రి, ఎండాకాలం, వానాకాలం రీడింగులు తీసి చేతిలో పెట్టుకో. అంకె చేతిలో ఉన్నవాళ్ల మాటని ఎంత పెద్ద ఇంజనీరైనా ఆగి వింటాడు.

మన రాష్ట్రం మాటే నెగ్గాలని పట్టు పట్టకు. పక్క రాష్ట్రం షట్‌డౌన్ అడిగితే ఆ రోజు మన దిగుమతి ఎంత తగ్గుతుందో లెక్క చెప్పు, వీలైన తేదీ నువ్వే సూచించు. సంక్రాంతికి మన లోడు పడిపోతుంది. వాళ్ల పని ఆ మూడు రోజుల్లో పెట్టుకోమని చెప్పడం వద్దనడం కంటే ఎంతో మేలు. డ్రాఫ్ట్ మినిట్స్ రాగానే ప్రతి వాక్యం చదువు. నువ్వు చెప్పిందానికి వేరే అర్థం వచ్చేలా ఉంటే ఆ రోజే రాతపూర్వకంగా సవరణ పంపు. ఆర్నెల్ల తర్వాత ట్రిప్పింగ్ జరిగినప్పుడు అందరూ తిరగేసేది ఆ కాగితాన్నే.

ఇంకొకటి. ఏటా కరెంటు చార్జీల ప్రతిపాదనల మీద విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) బహిరంగ విచారణ పెడుతుంది. వీలు చేసుకుని వెళ్లి చివరి వరకూ కూర్చో. అది కూడా నీ చదువులో భాగమే. అక్కడ రైతు లేచి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే తామే ట్రాక్టర్ మీద వేసుకుని రిపేరు షెడ్డుకి తీసుకెళ్లామని, పొలం మళ్లీ తడిసేసరికి పైరు వాడిపోయిందని చెబుతాడు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ని పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని రూల్ ఉంది. మీటర్లు లేని పంపుసెట్ల వాడకం అంచనా ఎలా కట్టారని అడిగే వినియోగదారుల ప్రతినిధులు ఉంటారు. న్యాయమైన ప్రశ్న అది. ఆ అంచనా పెంచి రాస్తే నష్టాలు తగ్గినట్టు కనిపిస్తాయి, మరి ఆ భారం ఎవరో ఒకరు మోయాలి కదా. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో చార్జీల మీద ఆందోళన చేస్తున్న జనం మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. కరెంటు మాటంటే మన రాష్ట్రాల్లో అంత దూరం వెళ్లిన మాట. అందుకే ఆ విచారణలో మాట్లాడే మనిషిని నిదానంగా విను. డిపార్టుమెంటు తరఫున వెంటనే జవాబు చెప్పేయాలని ఆత్రపడకు.

మొదటి మీటింగులోనే అన్నీ మాట్లాడనక్కర్లేదు. నీ ఫీడర్ల గురించి ఒక్క నిజం, రీడింగుతో సహా, ఆ బల్ల మీద పెట్టి రా. అజెండా కాపీ వచ్చాక నాకూ ఒకటి పంపు, ఇద్దరం కూర్చుని చదువుదాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య